పడవెక్కిన తువ్వాలు

పెళ్ళయిన కొత్తలో పెళ్ళాన్ని అండమాన్‌కు తీసుకుపోయి, అక్కడ ఆమెనొక్కదాన్నే పడవలో పంపించి, ఒక టికెట్టు డబ్బులు మిగిల్చిన మగాడు కర్నూలు బజారు మొత్తంలో నేనొక్కణ్ణే. ఇంకెవరైనా ఉన్నారంటే ముందుకు రమ్మనండి. ఆ రోజుల్లో నాకు బేరమంటే అంత భక్తి. దేవుడికి టెంకాయ మొక్కుకున్నా మొదట చిన్నకాయే అనేవాణ్ణి, ఆయన పలక్కపోతే అప్పుడు సైజు పెంచేవాణ్ణి.

మా నాయనది చీరల అంగడి. సరుకు కొనడానికి పోయినప్పుడల్లా నన్ను వెంట తీసుకుపోయి ఒకటే పాఠం చెప్పేవాడు. "రేటు కుదరకుంటే లేచి నడువురా. మొదటి పిలుపుకు తిరగొద్దు, అది ఉత్త మర్యాద. రెండోదానికీ తిరగొద్దు, వానికి ఇంకా ఆశ సావలేదు. మూడోసారి పిలుస్తాడు సూడు, అప్పుడు చెప్పేదే అసలు రేటు." ఈ విద్యతో నేను చెప్పుల నుంచి పెళ్ళి మండపం దాకా బేరమాడి గెలిచాను. అదే అంగడిలో గల్లాపెట్టె పైన ఒక పాత క్యాలెండరు వేలాడుతుండేది. తేదీలు ఎప్పుడో చినిగిపోయినా బొమ్మ కోసం ఉంచుకున్నాం. చుట్టూ కొబ్బరిచెట్లు, వాటి మధ్య సముద్రం నుంచి తప్పించుకొచ్చి పడుకున్నట్టు ఒక నీలి మడుగు, కింద అండమాన్ అని పేరు. ఎండాకాలం మా హంద్రీ నదిలో ఇసుక తప్ప ఏమీ ఉండదు, కుళాయికి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడే నీళ్ళు. ట్యాంకరు దగ్గర బిందెతో నిలబడి, తిట్లు తిని, వచ్చి ఆ బొమ్మ చూసేవాణ్ణి. అన్ని నీళ్ళు, లైన్లో ఒక్క మనిషి లేడు! పెళ్ళి కుదిరినప్పుడే అనుకున్నాను, ఈ పిల్లతో కలిసి అందులో మోకాళ్ళ దాకా దిగాలని. (పిల్లది వేంపల్లె. ఆమెకు తెలిసిన పెద్ద నీళ్ళు వాళ్ళ మామిడితోటలోని బోరు.)

అండమాన్‌లో మొదటి మూడు రోజులూ టూరువాళ్ళు సముద్రం నేలలోకి వంగి వచ్చిన చోట్లన్నీ చూపించారు. ఒక తీరం అరగాజు మాదిరి, ఒకటి కొడవలి మాదిరి. ఆమె ప్రతిచోటా చీర కుచ్చిళ్ళు పట్టుకుని అలతో పరుగు పందెం పెట్టుకునేది. నేను ప్రతిచోటా టోపీలవాడితోనో గవ్వల దండలవాడితోనో పందెం పెట్టుకునేవాణ్ణి. ఇద్దరమూ సంతోషంగానే ఉన్నాం. చివరి రోజుకు మిగిలింది మా క్యాలెండరు మడుగు. అక్కడికి చిన్న పడవలోనే పోవాలి.

పడవవాడి తాతలు శ్రీకాకుళం దిక్కు నుంచి పోయి అక్కడ స్థిరపడ్డారట. మన భాష వినగానే నాకు ధైర్యం వచ్చింది. మనిషికి ఐదు వందలన్నాడు. నేను ఇద్దరికీ కలిపి ఐదు వందలన్నాను. అప్పటికే ఆమె పడవెక్కి, మన బస్టాండు అలవాటు ప్రకారం పక్కన నా తువ్వాలు వేసి సీటు పట్టింది.

"ఏటి బాబూ, ఇక్కడ బేరాలు నేవు. పోటు మీదున్నప్పుడే ఎల్లాల. నీరు దిగిపోతే పడవ ఇసకలో కూకుంటాది."

సముద్రం దిగిపోవడమేమిటి! హంద్రీ ఎండిందంటే నమ్ముతాను గానీ, ఇంత సముద్రం సాయంత్రానికి తగ్గుతుందంటే కర్నూలువాడు నమ్ముతాడా? మా బజారులో "ఇదే ఆఖరి పీసు" అంటారు చూడండి, అట్లాంటి మాటే అనుకున్నాను. లేచి నడిచాను.

"ఇదో, రాండి!" అని ఆమె పిలిచింది. ఓహో, పెళ్ళాంతో పిలిపిస్తున్నాడంటే మెత్తబడినాడని నవ్వుకున్నాను. "ఇదో మిమ్మల్నే! పోతాండాది!" అది రెండో పిలుపు. నడక ఇంకొంచెం నిదానం చేశాను. తర్వాత మోటారు చప్పుడైంది. మా వాళ్ళూ ఇట్లాగే చీరలు మడతపెడుతున్నట్టు నటిస్తారు కదా అని మూడో పిలుపు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాను. చప్పుడు సన్నబడింది. తిరిగి చూస్తే పడవ అందనంత దూరం పోయింది. ఆమె లేచి నిలబడి చేతులు ఊపుతోంది, పడవవాడు కూర్చోమని గదమాయిస్తున్నాడు. పక్క సీట్లో నా తువ్వాలు దర్జాగా కూర్చుని ఉంది.

నీళ్ళు నిజంగానే దిగిపోయాయి, ఇంకో పడవ కదల్లేదు. సాయంత్రం మళ్ళీ పోటెక్కేదాకా ఒడ్డునే ఉన్నాను. టెంకాయలమ్మేవాడు రూపాయి కూడా తగ్గించలేదు. నేను యాడికీ పోలేనని వానికి తెలిసిపోయింది. పడవ తిరిగొచ్చింది. తడిసిన చీర, ఇసుక కాళ్ళు, ఏదో చూసొచ్చిన మొహం.

"దిగి రావచ్చు కదా?" అన్నాను.

"దిగుదామనే అనుకున్నా. ఇద్దరం సూడకుండా పోతే ఎట్లా? ఒకరన్నా సూడాల కదా." తడిసిన కుచ్చిళ్ళు పిండుకుంటూ, "నాకూ సూడాలని ఉండె" అంది. ఇంకొంచెం నడిచాక తనే చెప్పింది. "నడుము లోతున నిలబడితే నా కాలిమెట్టెలు కనపడ్తాండాయి. అద్దం మీద నిలబడినట్టుండె. ఒక పచ్చచేప వచ్చి మెట్టెను పొడిచి పాయ."

తువ్వాలు తడిపి తెచ్చింది. తువ్వాలు కూడా మడుగు చూసింది, చూడనిది నేనొక్కణ్ణే. ఉన్న ఒక్క మంచి ఫోను నా జేబులో ఉండిపోయింది కాబట్టి ఆ మడుగుకు ఫోటో కూడా లేదు. మర్నాడు పొద్దున్నే విమానం. తర్వాత అంగడి, పిల్లలు, కల్లూరులో ఇల్లు. ఇన్నేళ్ళలో ఆ మడుగును ఆమె నోటితోనే ఎన్నిసార్లు చూశానో. అడగడానికి సిగ్గు, అందుకే వంటగదిలోకి పోయి చేపల ధర గురించి మొదలుపెడతాను. ఆమె కనిపెట్టేస్తుంది. "ఎన్నిసార్లు చెప్పాలప్పా నీకు?" అంటూనే చెబుతుంది. (మొదట్లో 'మీకు' అనేది.) మొన్న అన్నాను, ఈ ఏడు మళ్ళీ పోదామా అని. కూర కలుపుతూనే, "పోదాం. కానీ నువ్వు కొత్తగా సూస్తావు, నేను రెండోసారి సూస్తా. రెండూ ఒకటి కాదు కదా" అంది. ఇంత పెద్ద బేరగాణ్ణి, ఆ మాటకు ఎంత తగ్గించి అడగాలో తోచలేదు.

సరే, ఆ రోజు లెక్క ఉన్నదున్నట్టు చెబుతాను. నేను పడవెక్కలేదు కాబట్టి మిగిలింది ఐదు వందలు. అందులో మూడు లేత టెంకాయలకు రెండు వందల నలభై, కూర్చోవడానికి కుర్చీ బాడుగ నూటయాభై, ఆమె తిరిగొచ్చేసరికి చేతిలో ఏదో ఒకటి ఉండాలని కొన్న శంఖం తొంభై. పోగా ఇరవై రూపాయలు. వాటికి వేయించిన శనక్కాయలు కొన్నాను. పొట్లమంతా ఆమే తినింది, నా దిక్కు కాదు, సముద్రం దిక్కు చూస్తూ. మిగులు ఏమీ లేదు.