బావ రాసిన చీటీ

ఇందులో ప్రతి అక్షరం నిజం. అబద్ధమైతే ఈ ఏడు నా జీడిచెట్లకు పూత నిలవకుండా పోవాలి.

మా అక్క మొగుడు టెక్కలిలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాడు. ఇప్పుడు కవిటిలో మా పక్క తోటలోనే ఉంటున్నాడు. రెండు తోటల మధ్య గట్టు మీద ఒక పనసచెట్టుంది. దాని తొలిపండు ఎవరిదన్నది ఏటా మాకు తగువే. కిందటేడు బావ దాన్ని సైన్సుతో తేల్చేస్తానన్నాడు. లోకంలో ప్రతి కదలికకూ ముందొక కారణం ఉంటుందట. కారణాలన్నీ తెలిస్తే, మనిషి రేపేం చేస్తాడో ఈరోజే చెప్పెయ్యొచ్చట.

"కారణాలన్నీ నీకెలా తెలుత్తాయి బావా?" అన్నాను.

"అందరివీ తెలవ్వు. నీవి నాలుగే కదా."

పందెం కుదిరింది. మర్నాడు పొద్దున్న నేను బండి మీద బారువ వైపు వెళ్తానో, ఇచ్ఛాపురం వైపు వెళ్తానో అతను చీటీ మీద రాయాలి. నిజమైతే పండు అతనిది, తప్పితే నాది. అక్క ఆ చీటీ లాక్కుని కొంగున ముడేసుకుంది.

"మీ యవ్వారం తేలేసరికి పండు ఉడతలు తినేత్తాయి," అంది.

రోజూ చేపలకు బారువే వెళ్తాను. బావ అదే రాసుంటాడు, కాబట్టి ఇచ్ఛాపురం వెళ్ళాలి. కానీ నేనిలా ఆలోచిస్తానని అతనికి తెలుసు, కాబట్టి బారువే వెళ్ళాలి. అదీ తెలిసుంటే? మెయిన్ రోడ్డు మలుపులో బండాపి నిలబడిపోయాను. ఎండెక్కింది. మా ఊరి ఆటో ఒకటి పక్కనే ఆగింది.

"ఏటి మావా, పెట్రోలైపోనాదా?" అన్నాడు డ్రైవరు.

"లేదురా. ఎటెల్లాలో తేలటం లేదు."

"ఏం, అత్త గెంటీసినాదేటి?"

చివరికి ఎటూ వెళ్ళకుండా బండి తిప్పుకుని ఇంటికొచ్చేశాను. అక్క ముడి విప్పింది. చీటీలో 'బారువ' అని ఉంది. బావ మొహం మాడిపోయింది. పండు భుజానికెత్తుకుని ఊరేగింపులా తెచ్చుకున్నాను.

ఏడాదిగా ఊరంతా చెబుతున్నది ఇదే. ఇక ఒప్పుకోవాలి. అక్క ముడి విప్పిన దగ్గర్నుంచి అంతా నా కల్పన. చీటీలో నిజంగా ఉన్నవి రెండు ముక్కలు: 'ఎటూ వెళ్ళలేక తిరిగొచ్చేస్తాడు. ఓడిపోయానని మాత్రం చచ్చినా ఒప్పుకోడు.' పండు బావే తిన్నాడు. అక్క జాలిపడి నాలుగు తొనలు పంపింది.

మొదటి ముక్క నిజమైంది. రెండోది ఇదిగో, ఇప్పుడే తప్పింది. సగం తప్పిన చీటీ తప్పిన చీటీయే. ఈ ఏటి తొలిపండు వాసన గట్టు దాటి వస్తోంది. గోనెసంచి పట్టుకుని బయల్దేరుతున్నాను.