చెరువు ఒడ్డున తుంగ

నిరుడు మా పాపకు డెంగీ వచ్చినప్పటి నుంచి దోమ కనిపిస్తే నాకు భయం. మా కాలనీ పక్క చెరువులో గుర్రపుడెక్క తీసి, మురుగు మళ్లించి, ఒడ్డు వెంట తుంగ నాటారు. దోమలొస్తాయని, దాన్ని కోసేయమని కాలనీవాళ్లమంతా మున్సిపాలిటీకి అర్జీ రాశాం. మొదటి సంతకం నాదే.

అక్కడ చేపలు పట్టే తాత నవ్వాడు. "దోమల్ని తినేటియే అండ్ల ఉన్నయి బిడ్డా. తుంగ కోస్తే తూనీగలు ఏడ గుడ్లు పెట్టాలె? ఫికర్ జేసుడు కాదు, జర సూడు" అంటూ తుంగ మొదట్లోంచి ఒక మట్టిరంగు పురుగును నీళ్లతో సహా నా చేతిలోని ఖాళీ సీసాలో పోశాడు. తూనీగ పిల్లట.

దానికి వేయడానికి దోమపిల్లల కోసం పాప, నేను ఒడ్డంతా వెతికాం. ఒక్కటీ దొరకలేదు. చివరికి మా ఇంట్లోనే, కూలర్ అడుగున నిలిచిన నీళ్లలో దొరికాయి. సీసాలో వేయగానే ఆ పురుగు కింది దవడను చెయ్యిలా చాచి ఒకదాన్ని పట్టేసింది.

"అమ్మా, ఇంకొకటి ఎయ్యవే" అంది పాప.

కూలర్ కడిగి బోర్లించి, అర్జీలో నా పేరు కొట్టేయించడానికి వెళ్లాను.

"జ్వరమొచ్చింది నీ బిడ్డకే, ఎన్కకు పోయేది నువ్వేనా?" అంది అర్జీ తన దగ్గర ఉంచుకున్న పక్కింటి అక్క.

"దోమతెర కట్టుడు నేను బంద్ చెయ్యనక్కా. తుంగను మాత్రం ఉండనిద్దాం" అన్నాను.