మశూచి వచ్చిన ఊరి పొలిమేరలో

ఈ మధ్య పత్రికల్లో ఎంపాక్స్ అనే వ్యాధిని గురించి చదువుతున్నాను. మశూచికి దగ్గరి బంధువట. జ్వరం, ఒంటినిండా పొక్కులు. రోగిని వేరుగా ఉంచవలెనని, ఒకరి దుప్పటి మరొకరు కప్పుకోరాదని వైద్యులు హెచ్చరిస్తున్నారు. వేరుగా ఉంచడమన్న మాట చదివినప్పుడల్లా డుంబ్రిగుడకు ఎగువనున్న ఒక కొండపల్లె పొలిమేరలో రాతిమీద కూర్చున్న ఒక స్త్రీ నా కళ్లముందు నిలుస్తుంది.

అవి డెబ్బైల తొలినాళ్లు. నేను గిరిజన బాలుర ఆశ్రమ పాఠశాలలో తెలుగు పండితుడిని. మా వంటామె ఆ కొండపల్లె మనిషే. భర్త పోయిన తరువాత, ఆరేళ్ల కూతురును అత్తగారి వద్ద ఉంచి, మా పిల్లలకు వండిపెట్టేది. టీకాలవాళ్లు బడికి వచ్చినప్పుడు అడిగిన వెంటనే చెయ్యి చాచింది. వాళ్లే కొండ ఎక్కినప్పుడు మాత్రం, సూది వేస్తే అమ్మవారు ఆగ్రహిస్తుందన్న భయంతో, అత్తగారు పిల్లను కొర్రచేలో దాచివేసింది.

ఒక సంతనాడు కబురు వచ్చింది, పిల్లకు అమ్మవారు పోసిందని. ఆమె గరిటె వదిలి బయలుదేరింది. ఒంటరిగా పంపలేక నేనూ వెంట నడిచాను.

ఊరి వెలుపల ఒక కాలిబాటకు అడ్డంగా వెదురుగడ కట్టి, దానికి పచ్చి కొమ్మలు వేలాడదీశారు. గడకు అవతల, పిలిస్తే పలికేటంత దూరంలో, పిల్లను ఉంచిన ఆకుల పాక. ఆ కొండల్లో ఒక కట్టుబాటు ఉండేది. మశూచి సోకినవారిని ఊరి వెలుపల ఉంచుతారు. మునుపు అది సోకి, బతికి బయటపడి, ముఖాన మచ్చలు మిగిలినవారే వారికి సేవ చేయాలి. తక్కినవారెవరూ, కన్నతల్లి అయినా సరే, గడ దాటరాదు. ఒకసారి సోకినవారికి మళ్లీ సోకదని వారి పూర్వులు ఏనాడో గ్రహించారు. ఎంతో వివేకంతో ఏర్పరచిన నియమమే అది. అయితే టీకా కూడా అదే రక్షణ ఇస్తుందన్న సంగతి ఆ నియమంలో ఇంకా చేరలేదు.

ఊరిపెద్ద గడకు ముందు నిలబడి అడ్డుకున్నాడు. ఆమె చేతిమీది టీకా గుర్తు చూపింది.

"సూడు, నాకూ మచ్చుంది. నన్నొగ్గెయ్."

"అది సర్కారోడి సూదిమచ్చ. అమ్మవారు ఏసిన మచ్చ నీ మొగం మీద ఏదీ? నువ్వూ పడిపోతే ఆ బడి గుంటలకి ఎవులొండుతారు?"

నేను కల్పించుకొని, టీకా ఎట్లా కాపాడుతుందో తెలిసినంత విశదంగా చెప్పాను. అతడు శ్రద్ధగా విన్నాడు. ఆ కొండల్లో ఎవరినీ "మీరు" అనరు. ఆప్యాయంగానే అన్నాడు.

"నీ మాట పాటనాగ ఇంపుగుంది మాస్టారూ. పోయినేడు మా తమ్ముడి పెళ్లాం ఇలాగే గుంటడి కాడికి దూరింది. ఇద్దర్నీ ఒకే గోతిలో పెట్టినాను. నీ పాట ఆళ్లకి సెప్పు."



సేవకు కుదిరినది ముఖమంతా మశూచి మచ్చలు పడిన ఒక ముసలమ్మ. పాకలోనుంచి వచ్చి వంటామెను చూసి నవ్వింది. "ఏడవకే. నా మొగం మీద అమ్మవారు సోళ్ల గింజలు ఆరబోసేసింది. మళ్లీ రాడానికి జాగా ఏదీ? నీ గుంటని నేను సూత్తాను."

వంటామె తిరిగి రానన్నది. రాతి పక్కన పొయ్యి పెట్టుకొని అంబలి కాచేది. కుండను గడకింద ఉంచి వెనక్కి జరిగితే ముసలమ్మ తీసుకుపోయేది. నేను బడి ముగిశాక కొండ ఎక్కి వెళ్లేవాడిని. పాకలోనుంచి పిల్ల పిలిచేది.

"అమ్మా! నువ్వు రావేటే?"

"వత్తానే, బేగి వత్తాను."

"నిన్నా అదే సెప్పినావు!"

"నిన్న ఎండగుందే. కూసింత సల్లబడనీ."

రానురాను ఆ గొంతు బొంగురుపోయింది. తరువాత పలకడమే మానింది. గొంతు లోపల కూడా పొక్కులు లేచాయని, గుటక పడడం లేదని ముసలమ్మ నాతో మాత్రమే చెప్పింది. అయినా కుండ ఖాళీగానే తిరిగి వచ్చేది. ఆ ఖాళీ కుండను చూసినప్పుడల్లా తల్లి ముఖం విప్పారేది. ఒకనాడు నేను పైకి వస్తూ, పాక వెనుక ముసలమ్మ అంబలిని నేలమీద ఒంపి కుండ తుడవడం చూశాను. ఆమె తలెత్తి నన్ను చూసింది. ఆ సంగతి నేను తల్లికి చెప్పలేదు.

ఒక ఆదివారం ఉదయం వెళ్లేసరికి పాక పక్కన ముసలమ్మ గొయ్యి తవ్వుతున్నది. తల్లి గడదాకా పరుగెత్తి, దానిని రెండు చేతులా పట్టుకొని నిలిచిపోయింది. ఒక్క ఊపున దాటగలదు. దాటలేదు. ఆమె కూడా ఆ ఊరి మనిషే గదా. చాపలో చుట్టిన పిల్లను ముసలమ్మ ఒక్కతే దించి మట్టి కప్పింది. తల్లికి పిడికెడు మన్ను వేసే భాగ్యమైనా దక్కలేదు.

పని ముగించి ముసలమ్మ గడకు అవతల వచ్చి చతికిలబడింది.

"నిన్న అంబలి తాగిందా?" అని తల్లి అడిగింది.

"తాగింది."

"అంతానా?"

"అంతా. ఉప్పు సాలనేదంది."

అంతవరకూ కన్నీరు రాని తల్లి ఆ మాటకు ఘొల్లుమన్నది. "అమ్మవారు పోస్తే ఉప్పు ఎయ్యకూడదంటే మానేసినానే! ఒక్క రవ్వ ఏసినా బాగుణ్ణు గదే!"

ఓదార్పుగా ఆడిన అబద్ధం ములుకై గుచ్చుకోవడం చూసి ముసలమ్మ బెదిరిపోయింది. "సప్పగున్నా ఇట్టంగానే తాగిందే, ఇట్టంగానే తాగింది," అంటూ ఉండిపోయింది. తల్లి ఆ మాట వినిపించుకునే స్థితిలో లేదు.

కొన్నాళ్లకు ఊరివారు అమ్మవారిని సాగనంపారు. పాకను తగులబెట్టారు. ఊరిపెద్ద తానే వచ్చి గడ కట్లు విప్పి, పక్కకు జరిగాడు.

"ఇంక రావే," అన్నాడు.

ఆమె తెరచిన దారివంక కాసేపు చూసింది.

"ఇప్పుడేటికి?" అన్నది.

కుండను చంకన పెట్టుకొని కొండ దిగసాగింది. నేను వెనుక నడిచాను. బడికి చేరగానే పొయ్యి రాజేసి, మా పిల్లల మధ్యాహ్నపు గంజికి ఎసరు పెట్టింది.