తెరాయన చూడని ముఖం

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ గుడిలో పూజారి ఇచ్చినా తెరాయన తాడు లాగితేనే దర్శనం. నైవేద్యానికి తెర వేయడం, హారతికి తీయడం, ఇదే ఆయన కొలువు. కుర్రతనంలో కుదిరినవాడు జుట్టు నెరిసేదాకా అదే గోడవారన నిలబడ్డాడు. తాడు వదిలితే తెర జారిపోతుంది కాబట్టి జనం చూసినంతసేపూ దాన్ని పట్టుకునే ఉండాలి. అక్కడినుంచి కనిపించేది స్వామివారి మోచెయ్యి ఒక్కటే. ఎదురుగా వచ్చి చూడాలంటే ఒకరోజు సెలవు పెట్టాలి. "ఇంట్లో మనిషిని చూడ్డానికి సెలవెందుకయ్యా?" అనేవాడు.

ఆయన బదులు భార్య చూసేది. రోజూ వరుసలో నిలబడి కళ్ళారా చూసి, ఇంటికొచ్చాక వంటింటి గుమ్మంలో కూర్చుని చెప్పేది. "ఇవాళ స్వామి అలిగాడండీ, మూతి ముడుచుకున్నాడు." "ఇవాళేదో చెప్పబోయి ఊరుకున్నాడు." తెరాయన చెవి కోసుకునేవాడు. ఇంటి సంగతి ఎత్తితే మాత్రం హారతి వేళయిందంటూ లేచిపోయేవాడు. మహానుభావుడి చెవికి గుడి కబుర్లే ఎక్కేవి మరి.

ఆవిడ చివరి ఏడాదిలో ఆ కబుర్ల తీరు మారింది. "స్వామి ముఖం పీక్కుపోయిందండీ. నిద్ర లేనట్టుంది." ఇంకోసారి, "ముద్ద దిగడం లేదేమో పాపం. ఎవరైనా అడిగితే బాగుండు."

తెరాయన తల్లడిల్లిపోయాడు. పూజారిని పట్టుకుని, "నైవేద్యం కాస్త మెత్తగా వండించండి పంతులుగారూ, స్వామికి సయించడం లేదట" అని బతిమాలాడు. భక్తి ముదిరిందని గుడివాళ్ళు నవ్వుకున్నా, వండించారు. ఇంటికెళ్ళి ఆ మాట భార్యకు గొప్పగా చెప్పాడు.

"పోనీలెండి, ఆయనకైనా చేశారు" అంది.

అందులో మెలిక ఆయనకు అందలేదు. భార్యకు కడుపులో పుండని డాక్టరు కనిపెట్టేసరికి వేళ మించిపోయింది. ఆవిడ పోయింది.

ఆపైన ఆయన ఒక్క కోరికతోనే బతికాడు. కొలువు దిగే రోజున ఎదురుగా నిలబడి స్వామిని నిలదీయాలి. "నీ ఆకలి నేను కనుక్కున్నానే, నా ఇంటిదాన్ని నువ్వెందుకు కనుక్కోలేదు?" అని ముఖంమీదే అడగాలి.

ఆ రోజు వచ్చింది. కొత్తగా కుదిరినవాడు తాడు లాగాడు. హారతి వెలుగులో స్వామి నవ్వుతున్నాడు. నిండు బుగ్గలు, ఇప్పుడే తృప్తిగా భోంచేసి లేచినట్టు నల్లరాతిలో చెక్కిన నవ్వు. అలక లేదు, నీరసం లేదు. అడగాలనుకున్నది మరిచి తెరాయన ఆ ముఖాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఏమిటలా గుడ్లప్పగించావు? దణ్ణం పెట్టుకో" అన్నాడు పూజారి.

"ఈయన ముఖం ఎప్పుడైనా పీక్కుపోయిందా పంతులుగారూ?"

"రాతిముఖం పీక్కుపోవడమేమిటయ్యా, మతిగానీ పోయిందా? ప్రతిష్ఠ చేసిననాటినుంచీ ఇదే నవ్వు."

తెరాయన చేతులు జోడించలేదు. "మరి అన్నం సయించనిది ఎవరికో నాకెందుకు తట్టలేదండీ?" అన్నాడు.

పూజారి హారతిపళ్ళెం పక్కవాళ్ళవైపు తిప్పేశాడు.