అవ్వ ఆమెన్‌కు వదిలిన బ్రేకు

ఆ రోజుల్లో మోటారు బండి ఎక్కినవాళ్లు ఎన్ని గంటలకు చేరతామని అడిగేవాళ్లు కారు, చేరతామా అని అడిగేవాళ్లు. మొన్న చర్చిలో ఆరాధన అయ్యాక మా సంఘంలోని ఒక యువకుడు తన కొత్త కారు చూపిస్తూ, "తాతా, దీనికి టర్బో ఉండాది. బ్రేకు తొక్కిపట్టి యాక్సిలరేటర్ నొక్కితే లోపల గాలి ఒత్తిడి నిండతాది. అప్పుడు బ్రేకు వదిల్తే ఇంక చూడు" అని నాకు పాఠం చెప్పాడు. బుద్ధిగా విన్నాను. టర్బో సంగతి నాకు తెలియదు గాని, బ్రేకు పట్టుకుని ఇంజిన్ను అరిపించి ఒక్కసారిగా వదలడంలో నా ప్రావీణ్యం గురించి ఒకప్పుడు నెల్లూరు నుంచి మైపాడు దాకా మా విశ్వాసులంతా చెప్పుకున్నారు. (మెచ్చుకుంటూ మాత్రం కాదు.)

పంతొమ్మిదివందల అరవై దాటిన కొత్తలో నేను మా సంఘం వ్యానుకు డ్రైవరుగా చేరాను. నాకు ఇరవయ్యేళ్లు. వ్యాను వయసు ఎవరికీ తెలియదు. ముందుభాగంలో ఇనుప హ్యాండిల్ పెట్టి తిప్పితే, దానికి బుద్ధి పుడితే, ఇంజిను పలికేది. పలికినా సరే, మెల్లగా కదిలిద్దామంటే గుర్రుమని ఆగిపోయేది. మళ్లీ పలకాలంటే అరగంట. రిపేరు షాపు మేస్త్రీ దాన్ని విప్పి చూసి, బిగించి, చేతులు తుడుచుకుంటూ, "దీనికి మందు లేదబ్బయా. నువ్వే ఉపాయంగా పోవాల. చేతి బ్రేకు లాగిపట్టు. యాక్సిలరేటర్ బాగా తొక్కు. క్లచ్చి సగం వదులు. బండి వణుకుతాది, వణకనీ. ఇంక ఆగలేనన్నప్పుడు బ్రేకు వదులు" అన్నాడు. వారం రోజులు సాధన చేశాను. వ్యాను ఎగిరి దూకేది, లోపల కూర్చున్నవాళ్ల తలలు వెనక్కి కొట్టుకునేవి, కాని ఆగేది కాదు.

ఆగకపోవడమే నాకు ప్రాణం. ఎందుకంటే మా సంఘ పెద్ద ఒకాయన, మోటారు బండ్లంటే మొదటినుంచీ పడనివాడు, కమిటీలో ఖండితంగా చెప్పేశాడు: "ఇంకొక్కసారి దోవలో నిలిచిందా, అమ్మేసి ఎద్దుల బండి పెట్టేద్దాం. అపొస్తలులు వ్యానుల్లో తిరిగినారా?" ఎద్దుల బండికి నాలాంటి డ్రైవరు అక్కర్లేదు. నేను ఇంటి దగ్గర ఖాకీ చొక్కా వేసుకుని అద్దంలో చూసుకోవడం మొదలుపెట్టి అప్పటికి నెల కూడా కాలేదు.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం ఉదయం మైపాడు సముద్రంలో బాప్తిస్మాలు. వ్యానులో నా పక్కన అయ్యగారు, అంటే మా పాస్టరు గారు. వెనక సంఘ పెద్ద, ఆయన పక్కన ఆమెన్ అవ్వ. అవ్వకు ఆ పేరు ఊరికే రాలేదు. ప్రార్థనలో ఎవరు ఏ వాక్యం ముగించినా, ఆఖరికి ఊపిరి పీల్చుకోవడానికి ఆగినా, "ఆమెన్!" అని గట్టిగా అనేది. ఆ గొంతు గుడి దాటి రోడ్డు మీదికి వినపడేది.

సగం దారిలో కాలవ మీద వంతెన ఉంది. దాని మీదికి ఎక్కే ఎత్తులో ఉండగా ఒక గేదెల మంద అడ్డం వచ్చింది. ఆపాను. ఇంజిను కూడా ఆగింది. సంఘ పెద్ద వెనకనుంచి, "నిలిచింది" అన్నాడు. అంతే, ఆ ఒక్క మాట. ఆయన ముఖంలో సంతోషం చూడాల్సి వస్తుందని నేను తల తిప్పలేదు.

చొక్కా తడిసేదాకా హ్యాండిల్ తిప్పాను. చివరికి పలికింది. గబగబా ఎక్కి, చేతి బ్రేకు లాగి, యాక్సిలరేటర్ తొక్కి, "అయ్యా, మీరిద్దరూ వెనకనుంచి కాస్త తోస్తే ఎక్కేస్తాది, బిన్నా రండయ్యా, ఆలస్యమైతే మళ్లీ ఆగిపోతాది" అని కేక వేశాను. ఇద్దరూ దిగి వెనక్కి వెళ్లారు. అవ్వను దించలేదు. ఆమె దిగి మళ్లీ ఎక్కేలోపల బాప్తిస్మాలు వచ్చే ఆదివారానికి పడేవి. అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా అయ్యగారు వ్యాను వెనక భాగం మీద చెయ్యి పెట్టి, "ఇంజిను పలికింది గదా, దేవునికి స్తోత్రం చెప్పకుండా ఎట్లా కదిలేదయ్యా? ప్రార్థన చేసుకుందాం. నేను ఆమెన్ అనంగానే నువ్వు వదులు" అన్నారు.

ప్రార్థన వద్దని డ్రైవరు అనగలడా? నేను విశ్వాసి ఇంట్లో పుట్టినవాణ్ణి. కళ్లు మూసుకున్నాను. కుడికాలు యాక్సిలరేటర్ మీద, ఎడమకాలు సగం వదిలిన క్లచ్చి మీద, చెయ్యి బ్రేకు మీద. వ్యాను జ్వరం వచ్చినట్టు వణుకుతోంది. అయ్యగారి ప్రార్థన ఇంజినుతో మొదలై, దాన్ని చేసిన మనుషుల జ్ఞానానికి స్తోత్రం చెప్పి, ఆ జ్ఞానాన్నిచ్చిన దేవుని దగ్గరికి వెళ్లి, అక్కడనుంచి సృష్టి ఆరంభానికి వెళ్లింది. ఐగుప్తులో బానిసలుగా ఉన్న దేవుని జనం దగ్గర కొంతసేపు ఆగింది. ఎర్ర సముద్రం ఒడ్డున మరికొంతసేపు. (జనం తొందరగా దాటితే బాగుండునని నేను జీవితంలో అంత మనస్ఫూర్తిగా ఎప్పుడూ కోరుకోలేదు.) మధ్యమధ్య నా చెవి వెనకనే "ఆమెన్! ఆమెన్!" ఇంజిను నుంచి మాడిన వాసన మొదలైంది. నా ఎడమకాలు పట్టేసింది. ఇక అయ్యగారి గొంతు ఇంజిను మోతలో వినపడటం మానేసింది. అప్పుడు, అన్నిటికంటె గట్టిగా, ఒక "ఆమెన్!" వినపడింది.

వదిలేశాను.

వ్యాను కప్పలా దూకి వంతెన ఎక్కేసి, అటువైపు పల్లంలోకి జారి, నేను పగ్గాలు పట్టేలోపలే పరుగందుకుంది. ఆపితే ఇంజిను ఆగిపోతుంది, ఆగితే అమ్మేస్తారు. "ఎక్కేసినాం అవ్వా!" అని అరిచాను. తోసినవాళ్లిద్దరూ వెనకనుంచి ఎక్కేసి ఉంటారనుకున్నాను. మైలు దూరం పోయాక అనుమానం వచ్చి వెనక్కి చూశాను. అవ్వ ఒక్కతే చేతులు జోడించుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, కుదుపులకు అటూ ఇటూ ఊగుతోంది.

"అవ్వా, అయ్యగారేరీ?"

"యాడున్నారో నాకేం తెలుసురా."

"కండ్లు తెరిచి చూడకూడదా?"

"అయ్యోరు ప్రార్థన ముగించలా గదా. మధ్యలో కండ్లెట్లా తెరిచేది?" అంది అవ్వ, నన్ను కసురుకుంటూ.

తిప్పుదామంటే రెండు పక్కలా పొలాలు, ఆపుదామంటే భయం. మైపాడు ఇసుక దాకా పోయి ఆపాను. బాప్తిస్మం కోసం తెల్లబట్టలు కట్టుకుని ఉపవాసంతో నిలబడ్డవాళ్లు వ్యాను చుట్టూ మూగి, అయ్యగారి కోసం లోపల వెతికారు. వాళ్లకు అవ్వ దొరికింది. గంట గడిచింది. ఎండెక్కింది. ఒకాయన నా దగ్గరికొచ్చి, "ఏందన్నా, మనిషిని మర్చిపోయి వచ్చినావా? అదీ పాస్టరు గారిని?" అన్నాడు. నాకు ఆ సముద్రంలోకి నడిచి పోదామనిపించింది.

చివరికి గడ్డి మోపుల మీద కూర్చుని, ఎద్దుల బండిలో వచ్చారిద్దరూ. వ్యాను ఒక్కసారిగా చేతుల కిందనుంచి జారిపోయేసరికి అయ్యగారు బురదలో బోర్లా పడ్డారట. ఆ తెల్ల పంచె ఏ రంగులో ఉందో చెప్పను. సంఘ పెద్ద దిగి, ఎద్దు వీపు నిమిరి, "చూసినావా అబ్బయా, ఇది ప్రార్థన అయ్యేదాకా కదల్లా" అన్నాడు. అయ్యగారు అలాగే నీళ్లలోకి నడిచారు. బురద సముద్రంలో కలిసిపోయింది. బాప్తిస్మాలు జరిగాయి.

బుధవారం కమిటీ కూర్చుంది. సంఘ పెద్ద అమ్మకం మాట ఎత్తాడు. అయ్యగారు నన్ను పిలిచి, అందరి ముందూ, "నాయనా, నా ఆమెన్ విని వదిలినావా, అవ్వ ఆమెన్ విని వదిలినావా?" అని అడిగారు.

ఇన్నేళ్లకు నిజం రాస్తున్నాను. అది అవ్వ గొంతని నాకు తెలుసు. ఆ గొంతు తెలియనివాడు మా సంఘంలో లేడు. అయినా తల వంచుకుని, "మీదే అనుకున్నానయ్యా" అన్నాను.

ఆయన నా ఖాకీ చొక్కా వైపు ఒకసారి చూశారు. తరవాత కమిటీ వైపు తిరిగి, "అయితే తప్పు నాది. రోడ్డు మీద అంత పొడుగు ప్రార్థన నేను చేయకూడదు. వ్యాను వంతెన ఎక్కింది గదా, ఉండనీండి" అన్నారు. వ్యాను ఉండిపోయింది. నా ఖాకీ చొక్కా కూడా.

ఆ పై ఆదివారం బయలుదేరేటప్పుడు నేను బ్రేకు పట్టుకుని, ఇంజిన్ను అరిపిస్తూ కూర్చున్నాను. అయ్యగారు రెండే రెండు మాటల్లో ప్రార్థన ముగించి, ఆమెన్ అని, నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అన్నారు: "అబ్బయా, ఇది నాది. వదులు."

బ్రేకు వదిలాను. కాని ఆ అబద్ధం నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆయన సమాధి దగ్గర ఒప్పుకుందామని రెండు మూడుసార్లు వెళ్లి, పువ్వులు పెట్టి, ఊరికే వచ్చేశాను. చెప్పేదేముంది, ఆయనకు ఆ రోజే తెలుసు. మొన్న ఆ టర్బో కారులో కూర్చున్నాక, పెద్దవాణ్ణని నన్నే ప్రార్థన చేయమన్నారు. నా ప్రార్థనలు పొడుగని మా వాళ్లకు ఫిర్యాదు ఉంది. సృష్టి ఆరంభం దగ్గర మొదలుపెట్టి, ఐగుప్తు దాకా వచ్చి, ఎందుకో ఒక కన్ను కాస్త తెరిచి చూశాను. ఆ అబ్బాయి కాలు బ్రేకు మీద ఉంది. వేళ్లు స్టీరింగు మీద తాళం వేస్తున్నాయి.

ఎర్ర సముద్రం దాటకుండానే ఆమెన్ అనేశాను.