గరిటె గీత

అలెగ్జాండ్రియాలో చేపలు ఎండబెట్టే సందు చివర మిర్తాలె ఇల్లు. నడవలో గీతలు గీసుకునే మంచమంత ఇసుక పళ్లెం ఉంది. భర్త ఫిలిస్కస్ పోయి ఏడాదైనా దాని మీది చెక్క మూత ఆమె ఎత్తలేదు.

ఆయన యూక్లిడ్ శిష్యుల్లో ఒకడు. గురువు అయిదు మాటలు ముందే ఒప్పుకోమని చెప్పి, వాటి మీదే జ్యామితినంతా కట్టాడు. నాలుగింటితో పేచీ లేదు. రెండు గీతలు ఎప్పుడు కలుస్తాయో చెప్పే అయిదోదాన్ని మాత్రం ఊరికే ఒప్పుకోకూడదు, నిరూపించాలని ఫిలిస్కస్ పట్టు. పెళ్లినాటి నుంచీ ఆ రెండు గీతలే మిర్తాలెకు సవతులు.

"ఏమయ్యా, పప్పు చల్లారిపోతోంది! నీ గీతలు కలిసేలోగా నా ప్రాణం పోయేట్టుంది."

"వస్తున్నానే, ఇదొక్కటే."

ఆ మాట వింటే ఆమెకు ఒళ్లు మండేది. గరిటె కాడతో ఇసుక మీద అడ్డంగా బర్రున గీసేది. "చంపావు కదే!" అని నెత్తి కొట్టుకుని, ఆయన ఇసుక చదును చేసి రొట్టె ముందు కూర్చునేవాడు. ఎంత బాగుండేవో ఆ మధ్యాహ్నాలు!

చివరి రోజూ అలాగే గీసి లోపలికి వెళ్లింది. ఆయన రాలేదు. వచ్చి చూస్తే, గోడకు ఆనుకుని, చేతిలో పుల్లతోనే పోయి ఉన్నాడు. ఆయన ఆఖరి పని తన గరిటె పాలైందన్న దిగులు అప్పటి నుంచీ ఆమెను తింటూనే ఉంది.

పాఠశాలవాళ్లు పళ్లెం తిరిగి అడిగారు. ఇసుక చెరిపేలోగా బొమ్మ ఎత్తి రాసుకుందామని ఆయన సహాధ్యాయి దోర్కోన్ వచ్చాడు.

"అందులో ఏం మిగల్లేదయ్యా. నేనే తగలేశాను," అంది మిర్తాలె.

దోర్కోన్ మూత తీసి చాలాసేపు చూశాడు.

"వదినా, ఈ అడ్డగీత నీదా?"

"నాదే. వంకర చూస్తే తెలియడంలా?"

"మరి దీని కొసలకు అక్షరాలు ఎవరు పెట్టారు?"

ఆమెకు అర్థం కాలేదు. జ్యామితి చేసేవాళ్లు పనికొచ్చే గీతకే అక్షరాలు పెడతారు, పనికిరానిదాన్ని చెరిపేస్తారు.

"పై గీతకు ఆల్ఫా, బీటా. కింది గీతకు గామా, డెల్టా. నీ గీతకు ఎప్సిలాన్, జీటా. ఆ రెండూ కలుస్తాయో లేదో తేలాలంటే వాటిని కోసే మూడో గీత కావాలి వదినా. నీ గీతతోనే మొదలెట్టాడు వాడు."

"తేలిందా మరి?"

"లేదు."

మిర్తాలె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "అందుకా తిండికి రాలేదు!" అని ఏడుస్తూనే నవ్వింది.

దోర్కోన్ పాపిరస్ పరిచి, బద్ద ఆనించి మూడో గీతను తిన్నగా గీయబోయాడు. ఆమె చెయ్యి పట్టుకుంది.

"వంకరగానే గియ్యి. ఆయన ఒప్పుకున్నాడు, నువ్వూ ఒప్పుకో."