పట్నం సీటు వదులుకున్న ఏడాది

మొన్న వేసవిలో మనవరాలు ఫోనులో కాలేజీల పేర్లు చూసుకుంటూ, “తాతా, పట్నంల సీటొచ్చినా ఇడిసిపెట్టి గా మారుమూల ఊర్లె ఎందుకు సదివినవ్?” అని అడిగింది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

కొత్తకోట అవతలి పల్లెలో గొర్రెల మీద బతికే ఇల్లు మాది. అరవైల తొలినాళ్లలో, నన్ను తన గడీలో, కోటలాంటి ఆ ఇంట్లో, పశువులు కాసే జీతగాడిగా పెట్టమని మా ఊరి దొర కబురు మీద కబురు పంపుతున్నా మా నాయన, బాపు, ఒప్పుకోని రోజుల్లోనే, నాకు హైదరాబాదులో సీటు వచ్చింది. మా ఊరికి ఒక పూట నడకలో ఉన్న చిన్న ఊళ్లో కూడా అప్పుడే కాలేజీ తెరిచారు. పట్నంలో ఉంటే బాపుకు ఏం జరిగినా నాకు తెలిసేసరికి అంతా అయిపోతుందన్న భయంతో నేను ఆ దగ్గరి కాలేజీనే ఎంచుకున్నాను. ఆ భయం ఎట్లాంటిదో నా ఈడు వాళ్లకు విడమరచి చెప్పనక్కరలేదు.

నేను చేరిన వారానికే దొర మనుషులు మా మంద మీద పడ్డారు. బాపును వేపచెట్టుకు కట్టేసి, చింతబరికెలతో వీపు చీలేదాకా కొట్టి, ఆయన కళ్లముందే పొట్టేళ్లను నరికి గడీకి మోసుకుపోయారు. కబురు విని నేను పరుగెత్తుకుపోతే, బోర్లా పడుకున్న బాపు తలైనా ఎత్తకుండా, “ఎందుకొచ్చినవ్ బిడ్డా? మళ్ల పో. గీ దెబ్బలు నీ సదువు కోసమే తిన్న, ఉత్తగ పోనియ్యకు” అన్నాడు.

కాలేజీ ఉన్న ఊళ్లో నేనుండేది ఒక ముసలి నేతగత్తె ఇంట్లో, ముందరి గదిలో. ఆమెను అవ్వా అని పిలిచేవాణ్ని. నేను తిరిగొచ్చిన కొద్దిరోజులకు, ఒక పొద్దున దొర మనుషులే ఇద్దరు అక్కడికీ వచ్చారు. ఒకడు నన్ను జుట్టు పట్టి గడప మీదుగా ఈడ్చాడు, ఇంకొకడు కడుపులో తన్నాడు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. మగ్గం గుంతలో నుంచి లేచొచ్చిన అవ్వ చేతికందిన కర్రతో మొదటివాడి నెత్తి పగలగొట్టింది. రెండోవాడు ఆ కర్రే గుంజుకొని, ఆమె కుడిచెయ్యిని గడపకు అదిమిపెట్టి ఎముకలు నుగ్గయ్యేలా కొట్టాడు. అవ్వ ఏడవలేదు. “గీ పిలగాడు మా వాడకట్టోడు, పానం పోయినా తీస్కపోనియ్య!” అని అరిచింది.

వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆడా మగా కర్రలు పట్టుకొని వచ్చి వాళ్లను పొలిమేర దాటేదాకా తరిమి తరిమి కొట్టారు. మళ్లీ నా కోసం ఎవరూ రాలేదు.

అవ్వ చెయ్యి అతుక్కుంది గాని వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. నేతే ప్రాణంగా బతికిన మనిషి, నా డిగ్రీ అయ్యేదాకా కోడలు నేస్తుంటే పక్కన కూర్చుని ఎడమచేత్తో నూలు కండెలు చుట్టేది. చెయ్యి పోయిన మాట మాత్రం ఒక్కనాడూ నా దగ్గర ఎత్తలేదు.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, దొర గడీకి తాళం వేసి పట్నం పోయాడు. అయినా బాపు, దొర ఉన్నప్పటిలాగే, ఆ గడీ ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు విడిచి చేత పట్టుకునేవాడు. లోపల ఎవరూ లేరని నేనంటే, “నాకెర్కనే బిడ్డా, కాళ్లకే తెల్వది” అనేవాడు.

అవ్వ ఉన్న వీధిలో ఇప్పుడు మగ్గం చప్పుడు లేదు. గడీ కూలిన జాగాలో బస్సులు ఆగుతున్నాయి. చదువుకునే పిల్లలు చెప్పులు టపటపలాడించుకుంటూ, గట్టిగా నవ్వుకుంటూ దాని మీదుగా పోతుంటారు. వాళ్ల నడుమ బాపు కూడా ఒక్కసారి అట్లా నడిచిపోతుంటే చూడాలనిపిస్తుంది. ఆయన పోయి చాలా ఏళ్లయింది.